మీరేమిట్లు?

కోస్తా జిల్లాల్లో పుట్టి పెరిగినవాళ్ళకి ఈ మాటకి అర్థం చెప్పక్కర్లేదు. 'మీరేమిట్లు?' అంటే మీ కులమేంటి అని. అందులో కులం అన్న మాటే వినపడదు. కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చి, నవ్వుమొహంతో అడుగుతారు. జవాబు విన్నాక కూడా ఆ నవ్వు అలాగే ఉంటుంది. ఇల్లు మాత్రం ఉండదు.

2023 వేసవి సెలవుల్లో ఈ మాట పదకొండు గుమ్మాల్లో విన్నాను. పన్నెండో గుమ్మంలో మాకు అద్దెకిల్లు దొరికింది. ఎలా దొరికిందో, ఆ ఇంట్లో ఏం పోగొట్టుకున్నామో, మళ్ళీ పల్లెలో మా పాత ఇంటికి ఎందుకొచ్చామో చెప్పాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. ఊరి మీద ఫిర్యాదు ఉంది. దానికన్నా పెద్ద ఫిర్యాదు నా మీద నాకే ఉంది. అది చెప్పకుండా మొదటిది చెప్పే హక్కు నాకు లేదనిపిస్తుంది.

నేను ప్రభుత్వ హైస్కూల్లో సోషల్ టీచర్ని. మా వంశంలో డిగ్రీ పట్టా చూసిన మొదటి మనిషిని. నా పదో తరగతి పరీక్షల ముందు నాన్న పోయాడు. అమ్మ తాపీమేస్త్రుల దగ్గర కూలికెళ్ళి, ఇటుక మోసి, ఇసుక మోసి, మాలు అందించి నన్ను చదివించింది. పర్చూరు వైపు నల్లరేగడి నేలల్లో మా పల్లె. ఊరికి తూర్పున మాలపల్లె, దాని వెనక మాదిగపల్లె. మాది మాలపల్లె. బదిలీ మీద నాకు ఒక చిన్న టౌన్లో పోస్టింగు వచ్చింది. పల్లె నుంచి ఇరవయ్యారు కిలోమీటర్లు. మా ఆయన కరెంటు సబ్‌స్టేషన్లో కాంట్రాక్టు పని, ఒక వారం పగలు, ఒక వారం రాత్రి. పాప మూడో తరగతి. టౌన్లో ఇల్లు తీసుకుంటే అందరికీ తేలికని బయల్దేరాం.

ఇళ్ళు చూడటానికి అమ్మని తీసుకెళ్ళేదాన్ని. అమ్మ ఇల్లు చూసే పద్ధతే వేరు. గదులు పెద్దవా చిన్నవా అని చూడదు. వేలి కణుపుతో గోడ మీద కొడుతుంది. డొల్లమోత వస్తే ప్లాస్టరింగు గోడని వదిలేసిందని చెబుతుంది. గోటితో గీరుతుంది, ఇసుక రాలితే "సరిగ్గా తడపలేదు" అంటుంది. కిటికీ మూల నుంచి ఏటవాలుగా బీట కనపడితే "పునాది కుంగిందే అమ్మాయ్, నల్లమట్టి వానకి పొంగుద్ది, ఎండకి ముడుచుకుద్ది, కింద ఇసుక పొయ్యకపోతే ఇంతే" అంటుంది. ఆ టౌన్లో రెండు వీధులు అమ్మకి బాగా ఎరిక. "ఈ మేడకి మూడంతస్తులూ నేను మాలు మోశా" అని ఒక ఇంటిని చూపించింది. ఆ ఇంటికీ టులెట్ బోర్డు ఉంది. అడిగాం. వాళ్ళబ్బాయి బెంగుళూరు నుంచి వచ్చేస్తున్నాడట. ఆగస్టులో అటువైపు వెళ్తే బోర్డు ఇంకా అక్కడే వేలాడుతోంది.

ఒకాయన నీచు తింటారా అని అడిగాడు. మీ ఇంట్లో వండం లెండి అన్నాం. ఇంటిపేరు అడిగాడు, చెప్పాం. ఊరు అడిగాడు, చెప్పాం. "ఊళ్ళో ఏ వైపు?" అన్నాడు. ఆ ప్రశ్నకి జవాబు చెప్పాక ఇంకేం అడగలేదు. ఒక బ్రోకరు అయితే ఫోన్లో మర్యాదగానే విసుక్కున్నాడు. "మేడమ్, ఆ సంగతి ముందే చెబితే నాకూ పెట్రోలు మిగిలేదిగా."

పిల్లలకి రాజ్యాంగం పాఠం చెప్పేటప్పుడు 17వ అధికరణం బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాస్తాను. అంటరానితనం రద్దయింది, ఏ రూపంలోనూ పాటించకూడదు. 1955లో వచ్చిన పౌరహక్కుల పరిరక్షణ చట్టం నాలుగో సెక్షన్లో, ఏ ప్రాంతంలోనైనా ఇల్లు కట్టుకోవడానికి, సంపాదించుకోవడానికి, అందులో కాపురముండటానికి అంటరానితనం పేరుతో అడ్డుపడితే నేరమని ఉంది. మాకు అడ్డుపడింది ఎవరు? ఎవరూ లేరు. ఒకరి కొడుకు బెంగుళూరు నుంచి వస్తున్నాడు. ఒకరు రంగులు వేయించుకుంటున్నారు. ఒకరు ఇల్లు అమ్మకానికి పెట్టారు. కొడుకు వస్తున్నాడని చెప్పినందుకు ఎవరి మీద కేసు పెడతాం?

పన్నెండో ఇంటికి అమ్మ రాలేదు. డ్వాక్రా సంఘంలో కిస్తీ కట్టే రోజని పల్లెలో ఉండిపోయింది. పైన ఇంటివాళ్ళు, కింద అద్దె భాగం. పెద్దవాళ్ళిద్దరే ఉంటారు. ఆవిడ మా ఇంటిపేరు అడిగి, "ఆ ఇంటిపేరు మా పుట్టింటి వైపు కూడా ఉందే! అయితే మీరు మావాళ్ళేనన్నమాట" అంది. మా ఆయన నవ్వాడు. నేను తల వంచుకుని పాప జడ సరిచేశాను. ఆవిడ తాళం చెవి తెచ్చి నా చేతిలో పెట్టింది. అద్దె ఆరున్నర వేలు, మూడు నెలల అడ్వాన్సు.

బయటికొచ్చాక మా ఆయన, "మనం అబద్ధమేం ఆడలేదుగా" అన్నాడు.

నిజమే, ఆడలేదు. ఆ ఒక్క మాట పట్టుకుని ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను. అన్యాయమైన ప్రశ్నకి నిజం చెప్పి తీరాలని ఎక్కడుంది? దొంగ వచ్చి బంగారం ఎక్కడుందని అడిగితే చూపిస్తామా? నా కులం వాళ్ళకి అనవసరం, అడగడమే తప్పు, చెప్పకపోవడం తప్పెలా అవుతుంది? ఇప్పటికీ ఈ వాదంలో నాకు లోపం కనపడదు. లోపం ఇంకో చోట ఉంది. అది అమ్మ వచ్చాక తెలిసింది.

సామాన్లు సర్దుకునేటప్పుడు అంబేద్కర్ ఫొటో బీరువాలో చీరల కింద పెట్టాం. గోడకి మేకు కొడితే ఇంటివాళ్ళు ఏమంటారో అని మా ఆయన సాకు చెప్పాడు. పక్క గోడకే కేలండరుకి మేకు కొట్టాడు. ఎండుచేపలు మానేశాం. పెద్దకూర మాటే లేదు. అమ్మకి ఫోన్ చేసి, "ఇక్కడ మన సంగతి తెలీదమ్మా, కాస్త జాగ్రత్త" అన్నాను. జాగ్రత్త అంటే ఏంటో నేను చెప్పలేదు. అమ్మ అడగలేదు.

పదిహేను రోజుల తర్వాత అమ్మ ఆటోలో బియ్యం బస్తా, బట్టల మూట వేసుకుని వచ్చింది. పనిలోకెళ్ళే పాతచీరే కట్టుకుంది. గేటు దగ్గర ఇంటావిడ మొక్కలకి నీళ్ళు పోస్తోంది. "ఎవరు నువ్వు? ఎవరి కోసం?" అంది. అమ్మ ఆవిణ్ణి చూసింది. వరండాలో ఉన్న నన్ను చూసింది. ఒక్క క్షణం. "టీచరమ్మగారింట్లో పనికొచ్చానమ్మా" అంది.

ఆవిడ వెంటనే అడిగింది. "ఏమిట్లు?"

"మాలోళ్ళమమ్మా" అంది అమ్మ.

"సరే, వెనక వైపు నుంచి వెళ్ళు" అంది ఆవిడ, మొక్కల వైపు తిరిగి.

నేను పది అడుగుల దూరంలో ఉన్నాను. గేటు దాకా వెళ్ళి "మా అమ్మండీ" అనడానికి ఎంతసేపు? వెళ్ళాను. వెళ్ళి బియ్యం బస్తాకి ఒక కొస పట్టుకున్నాను. ఆ మాట మాత్రం అనలేదు.

ఆ రోజు నుంచి నాలుగు నెలలు మా అమ్మ మా ఇంట్లో పనిమనిషి. వెనక పంపు దగ్గర అందరికీ కనపడేలా గిన్నెలు తోమేది. వాకిలి ఊడ్చేది. నెల తిరక్కుండానే ఇంటావిడ పైన అంట్లు కూడా తోమిపెట్టమంది, నెలకి ఎనిమిదొందలు. అమ్మ ఒప్పుకుంది. నేను పోట్లాడాను, లోపల, గొంతు తగ్గించి. "కాదంటే ఎందుకు కాదంటున్నానో చెప్పొద్దా? పనిమనిషి పని వొద్దంటుందా?" అంది అమ్మ. "మంచి మనిషిని పట్టావమ్మాయ్" అని ఇంటావిడ నన్ను మెచ్చుకుంది. ఆవిడ చెడ్డదని నేననను. పాపకి జ్వరం వస్తే రాత్రి రెండింటికి మిరియాల కషాయం కాచి తెచ్చిన మనిషి.

అమ్మ కులం నిజం చెప్పి, బంధం అబద్ధం చెప్పింది. నేను రెండూ చెప్పలేదు. ఆ ఇంట్లోకి మాలమనిషి రాకూడదన్న నియమం లేదని అప్పుడు తెలిసింది. వెనక వైపు నుంచి రావచ్చు. గిన్నెలు తోమవచ్చు. నెలకి ఆరున్నర వేలు అద్దె కట్టి ముందు గుమ్మంలోంచి రాకూడదు. అంటు మనిషిలో ఉందని ఇన్నాళ్ళూ అనుకునేదాన్ని. వాళ్ళకి అంటు మనిషి నిలబడిన చోటుని బట్టి వస్తుంది, పోతుంది.

ఆ రోజుల్లోనే బాబాసాహెబ్ 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా' మళ్ళీ చదివాను. అమెరికాలో కొలంబియా యూనివర్సిటీ చదువు, లండన్ చదువు చదివొచ్చిన మనిషి 1917లో బరోడా సంస్థానంలో కొలువుకి వెళ్తే ఊళ్ళో ఉండటానికి చోటు దొరకలేదు. చివరికి ఒక పార్సీ సత్రంలో పార్సీ పేరు రాయించుకుని దిగారు. పదకొండో రోజు పొద్దున డజను మంది పార్సీలు కర్రలు పట్టుకుని వచ్చి నిలదీశారు. సాయంత్రానికల్లా ఖాళీ చెయ్యమన్నారు. ఒక హిందూ మిత్రుణ్ణి, ఒక క్రైస్తవ మిత్రుణ్ణి ఆశ్రయం అడిగితే ఇద్దరూ ఏదో ఒకటి చెప్పి తప్పుకున్నారు. బొంబాయి రైలు వేళ దాకా పార్కులో కూర్చున్నారు. ఎన్నో ఏళ్ళ తర్వాత కూడా ఆ సంగతి కన్నీళ్ళు లేకుండా తలుచుకోలేనని రాసుకున్నారు.

మొదటిసారి చదివినప్పుడు కర్రలు పట్టుకొచ్చిన వాళ్ళ మీద కోపమొచ్చింది. ఈసారి ఆ మారుపేరు దగ్గర ఆగిపోయాను. ఆయనంతటి మనిషే వేరే పేరు పెట్టుకోవాల్సి వచ్చింది, మనమెంత అని మొదట ఊరట పడ్డాను. ఫొటో చీరల కింద ఉన్న సంగతి గుర్తొచ్చింది. తర్వాత ఇంకో తేడా కనపడింది. ఆ సత్రంలో ఆయన ఒక్కరే ఉన్నారు. ఆ పేరు బరువు ఆయనే మోశారు, గెంటేస్తే ఆయనే గెంటించుకున్నారు. ఎవరినీ తనకి పనిమనిషిని చెయ్యలేదు.

మా పల్లెల్లో హరిశ్చంద్ర నాటకం అంటే తెల్లవార్లూ కూర్చునేవాళ్ళు. కాటిసీనులో జాషువా పద్యాలు వచ్చే వేళకి నిద్రపోతున్న పిల్లల్ని కూడా లేపేవాళ్ళని అమ్మ చెప్పేది. ఆ కథలో నాకు ఎప్పుడూ ఒక సందేహం. సత్యం నిలబెట్టుకున్నది హరిశ్చంద్రుడు. అమ్ముడుపోయింది చంద్రమతి, లోహితుడు. ఆయన కూడా అమ్ముడుపోయాడు, కాదనను. కానీ ఆ ఆడమనిషినీ, ఆ పిల్లవాణ్ణీ అమ్మాక కదా ఆయన వంతు వచ్చింది! ఆయన నిజం కోసం ఇంట్లో వాళ్ళు దాసీలయ్యారు. నా మౌనం కోసం మా అమ్మ దాసీ అయింది. నిజమా అబద్ధమా అని మనం నీతిపాఠాల్లో తేల్చుకుంటూ కూర్చుంటాం. దాని ఖరీదు ఎవరు కడుతున్నారన్నది అడగం. ఇంటి యజమానికి నేను నిజం బాకీ లేను. మా అమ్మకి బాకీ ఉన్నాను. మా ఆయన 'అబద్ధం ఆడలేదుగా' అన్నాడే, అక్కడే ఉంది లోపం. మేం ఆడకుండా మిగుల్చుకున్న అబద్ధాన్ని అమ్మ చేత ఆడించాం.

ఇదంతా ఆలోచిస్తూ కూడా నాలుగు నెలలు అక్కడే ఉన్నానని గమనించండి. ఆలోచన వేరు, ఇల్లు ఖాళీ చెయ్యడం వేరు.

ఖాళీ చేయించింది పాప. అక్టోబరులో ఒక ఆదివారం పాపతో చదివే పిల్ల ఆడుకోవడానికి వచ్చింది. అమ్మ వాళ్ళిద్దరికీ అటుకులు పెట్టింది. "ఆమె ఎవరు?" అని ఆ పిల్ల అడిగింది. మా పాప అటుకులు నములుతూ, తల ఎత్తకుండా "మా పనావిడ" అంది. అలా చెప్పమని ఎవరూ నేర్పలేదు. బయట 'అవ్వా' అని పిలవమని మాత్రం అమ్మే నేర్పింది. మిగతాది పాప తనే నేర్చుకుంది. నేను తడబడ్డాను, మా ఆయన తడబడ్డాడు, అమ్మ కూడా ఆ గేటు దగ్గర ఒక్క క్షణం ఆగింది. పాప ఆగలేదు.

ఆ సాయంత్రం పైకెళ్ళి ఇంటావిడతో చెప్పాను. "పిన్నిగారూ, ఆమె మా అమ్మ. మేం మాలవాళ్ళం." ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. "మీ అమ్మ చేత మా అంట్లు తోమించావా?" అంది. ఆ మాటలో కోపముందో, బాధుందో, జాలుందో నాకు ఇప్పటికీ తెలీదు. జవాబు మాత్రం నా దగ్గర లేదు. "ముందే చెబితే పోయేదిగా" అంది. "చెబితే ఇల్లిచ్చేవారా?" అన్నాను. దానికి ఆవిడ దగ్గర జవాబు లేదు. పొద్దున్నే ఆయన కిందకొచ్చి, మాకేం పట్టింపు లేదు కానీ ఇరుగుపొరుగు వాళ్ళతో మాట పడాల్సి వస్తుందన్నాడు. నెలాఖరుకి ఖాళీ చేశాం. సున్నాలకని మూడు వేలు పట్టుకుని మిగతా అడ్వాన్సు ఇచ్చారు.

మా పల్లెలో ఇల్లు 1986లో కట్టింది. రామారావు ప్రభుత్వం బలహీనవర్గాలకి పక్కా ఇళ్ళు ఇస్తున్న రోజులు. ఒక గది, ఒక వంటిల్లు, ముందు వసారా. తర్వాత నాన్న పక్కన ఇంకో గది లేపాడు. ఖాళీగా ఉన్న ఆ ఇంటి తలుపు తీస్తే నేలంతా పెచ్చులు. పైన స్లాబు కమ్మీలు బయటపడి తుప్పు పట్టి ఉన్నాయి. "అప్పుడు కంట్రాక్టరు ఉప్పు ఇసుక తోలాడే. సముద్రం పక్క ఇసుక. మీ నాన్న అప్పుడే అన్నాడు, ముప్పయ్యేళ్ళు నిలవదని" అంది అమ్మ. ఉప్పు తేమని పట్టి ఉంచుతుంది, కమ్మీ తుప్పు పడుతుంది, తుప్పు పట్టిన కమ్మీ లావెక్కి చుట్టూ ఉన్న కాంక్రీటుని పగలగొడుతుంది. ఇది నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు, అమ్మ నోట విన్నాను.

పడగొట్టి కొత్తది కట్టే స్తోమత లేదు. బ్యాంకులో అడిగితే ఆ పట్టా మీద లోను ఇవ్వలేమన్నారు. కొంత నా ఏపీజీఎల్ఐ లోను, కొంత అమ్మ డ్వాక్రాలో తీసిన అప్పు, మొత్తం రెండు లక్షల ఎనభై వేలు. ఆ డబ్బుతో మూడు నెలలు బాగుచేయించాం. అమ్మే మేస్త్రి మీద మేస్త్రి. వదులుగా ఉన్న కాంక్రీటంతా కొట్టించింది. కమ్మీలకి తుప్పు ఇనప బ్రష్షుతో గీకించింది, మరీ తిన్న చోట కొత్త కమ్మీ కట్టించింది. స్లాబు మీద నీళ్ళు నిలవకుండా తూము వైపు వాలు పెట్టించింది. వాననీళ్ళు పునాదిలోకి దిగకుండా ఇంటి చుట్టూ మూడడుగుల గచ్చు వేయించింది. మేస్త్రి "మామ్మా, సిమెంటు చాల్లే" అంటే "ఇది నా ఇల్లు నాయనా, కంట్రాక్టరుది కాదు" అనేది. రోజూ మూడు పూటలా గోడలు తడిపింది. నలభయ్యేళ్ళు ఊరందరి ఇళ్ళకీ మాలు మోసిన మనిషి ఒక్కసారి తన ఇంటికి ఎంత కలపాలో తను చెప్పింది.

గృహప్రవేశం ఏమీ చెయ్యలేదు. అంబేద్కర్ ఫొటో చీరల కింద నుంచి తీశాను. మా ఆయన సుత్తి పట్టుకుంటే అమ్మ కసిరింది. "గోడ ఇంకా పచ్చిగా ఉంది, ఇప్పుడే మేకు కొట్టమాక." ఇంకో పది రోజులు ఆయన బల్ల మీదే ఉన్నారు.

ఉద్యమంలో పనిచేసే ఒక మిత్రుడు చూడటానికి వచ్చి, "అంతా బాగుంది గానీ, మళ్ళీ వెలివాడకే వచ్చావు. వాళ్ళక్కావాల్సింది అదేగా. ఊళ్ళో నిలబడి కొట్లాడాల్సింది" అన్నాడు. ఆ మాట నన్ను చాలా రోజులు తొలిచింది. అందులో నిజముంది. టౌన్లో ఇల్లు నా హక్కు. ఆ హక్కు వదులుకుని రోజూ బస్సులో, షేరాటోలో యాభై రెండు కిలోమీటర్లు తిరగడం విజయం అని నేను చెప్పను. మళ్ళీ వెతుకుతాను, ఈసారి అమ్మని వెంటబెట్టుకుని, మొదటి మాటలోనే ఎవరమో చెప్పి వెతుకుతాను. వందో ఇల్లు దొరికినా సరే. కానీ అమ్మని వెనక వైపు నుంచి రప్పించే ఇల్లు టౌన్లో ఉన్నా, ఢిల్లీలో ఉన్నా నాకు వెలివాడే. మిత్రుడికి ఇదే చెప్పాను. పూర్తిగా ఒప్పుకోలేదు. నేను కూడా పూర్తిగా ఒప్పించాననుకోను.

ఇక్కడితో ఆపేస్తే బాగుండేది. కానీ ఆపకూడదు.

నాన్న లేపిన పక్కగదిని అద్దెకిస్తే అప్పు తీరుతుందనుకున్నాం. గ్రామ సచివాలయంలో పనిచేసే ఒక అమ్మాయి, చంకలో బిడ్డతో వచ్చి అడిగింది. నేను బళ్ళో ఉన్నాను. ఆ అమ్మాయి అమ్మతో ఇలా అందట. "మేం మాదిగోళ్ళమండీ. ముందే చెప్తున్నా, తర్వాత మాట రాకూడదు." అమ్మ ఏమంది? "మా అమ్మాయొచ్చాక మాట్లాడి చెప్తాంలే" అంది.

సాయంత్రం అమ్మ ఆ సంగతి చెబుతుంటే నాకు ఆ పదకొండు గుమ్మాలూ ఒక్కసారి కళ్ళ ముందు తిరిగాయి. బెంగుళూరు నుంచి రావాల్సిన ఆ కొడుకు మా ఇంటిక్కూడా వచ్చేశాడు. "నువ్వేమనుకున్నావమ్మా?" అన్నాను. "నాకేం లేదే. పల్లెలో వాళ్ళు ఏమంటారో అని" అంది. ఆ ఇంటాయన అన్న మాటే, అక్షరం పొల్లు పోకుండా.

1985 జులై 17న కారంచేడులో ఆరుగురు మాదిగల్ని చంపారు. బతికినవాళ్ళు ఊరొదిలి చీరాల చేరారు. అప్పుడు మా పల్లె నుంచి శిబిరానికి బియ్యం మూటలు వెళ్ళాయని, కొత్తగా కాపురానికొచ్చిన తను కూడా రెండు శేర్లు పోసిందని అమ్మ చిన్నప్పటి నుంచి చెబుతూ వచ్చింది. ఆ కథ ఆమెకి గర్వం. "ఆ బియ్యం ఇచ్చినప్పుడు వాళ్ళేమిట్లని అడిగావా అమ్మా?" అన్నాను. "అది వేరు" అంది. ఏం వేరని నేనడిగాను. "అవి చీరాలకి పంపించాం. ఈ పిల్ల మన ఇంట్లోకి వస్తానంటుంది" అంది. అని తనే ఆగిపోయింది. ఆ గేటు దగ్గర ఆగినట్టే, ఒక్క క్షణం. ఆ తర్వాత అన్నం వడ్డించిందే గానీ మాట్లాడలేదు.

చనిపోయిన వాళ్ళకి, పారిపోయి వచ్చిన వాళ్ళకి బియ్యం ఇవ్వడం సులువు. పక్కగదిలో బతికే మనిషికి, ఒకే పంపు, ఒకే దండెం పంచుకునే మనిషికి తాళం చెవి ఇవ్వడం కష్టం. అది అగ్రవర్ణాల వాళ్ళకే కష్టమని నేను ఇన్నేళ్ళూ క్లాసులో చెప్పాను. 1994లో దండోరా మోగింది మా జిల్లాలోనే. ఆ దండోరా ఎందుకు మోగిందని మా మాలపల్లెలో అడిగినవాళ్ళు తక్కువ. నేనూ అడగలేదు. మా ఇంటి వెనక పల్లె ఉందని తెలుసు. మా ఇంటికి కూడా ఒక వెనక వైపు ఉందని తెలీదు.

ఆదివారం పొద్దున ఆ అమ్మాయి ఇంటికి బయల్దేరాను. అమ్మ చెప్పులేసుకుని వెంట వచ్చింది. దార్లో ఏం మాట్లాడలేదు. ఆ అమ్మాయిని తీసుకొచ్చి గది చూపించాం. పాప తలుపు పట్టుకుని నిలబడి చూస్తోంది. "మా అమ్మమ్మ కట్టించింది" అంది, అడగకుండానే. అమ్మ అలవాటు కొద్దీ గోడ మీద కణుపుతో నాలుగు చోట్ల కొట్టింది. నాలుగోచోట చెయ్యి అక్కడే ఆపి, ఆ అమ్మాయి వైపు తిరిగి అంది.

"ఈ మూల వానాకాలం కొంచెం చెమ్మ కొడుద్దమ్మా. ముందే చెప్తున్నా."